డోనింగ్టన్‌లో మూడు రోజులు: టీవీలో కనపడని దిగుడు (పోస్ట్ పెద్దది, తిట్టొద్దు, ఫోటోలు కింద)

బెజవాడ_బుల్లెట్ (డెర్బీ) | 14 జూలై 2025

అందరికీ నమస్తే. చాన్నాళ్ళయింది ఇక్కడ రాసి. మూడేళ్ళ నుంచి ఇంగ్లాండ్‌లో డెర్బీలో ఉంటున్నా, డోనింగ్టన్ బైక్ రేస్ ట్రాక్ మా ఇంటికి కార్లో అరగంట కూడా లేదు, అయినా ఇప్పటిదాకా ఒక్క వరల్డ్ సూపర్‌బైక్ రేసుల వీకెండ్‌కి కూడా పోలేదంటే నమ్ముతారా. బెజవాడలో ఉన్నన్నాళ్ళూ కొండ మీద అమ్మవారి దగ్గరికి చుట్టాలొస్తే తప్ప పోలేదు, అదే టైపు. ఈసారి మాత్రం తోప్రాక్ (బీఎండబ్ల్యూ నడిపే టర్కీ ఛాంపియన్) వచ్చే ఏడాది మోటోజీపీకి వెళ్ళిపోతున్నాడని జూన్‌లో చెప్పేశారు కదా, ఇక ఇప్పుడు చూడకపోతే ఇక్కడ ఎప్పుడు చూస్తాం అని మూడు రోజుల టికెట్లు తీసేశా. రెండు. ఒకటి నాకు, ఒకటి మా ఆవిడకి. తను రాను అంది. ఎందుకొచ్చిందో తర్వాత చెప్తా.

ముందు ఎండ సంగతి. ఇంగ్లాండ్‌లో ఎండ ఏంట్రా అని మీరు నవ్వుతారు కానీ శని ఆదివారాలు 30 దాటింది, నీడ లేదు, చెట్టు లేదు, గడ్డి గట్టు మీద కూర్చోవటమే. నా మెడ వెనక ఇప్పుడు ఉడికిన పీతలా ఉంది.

శుక్రవారం ప్రాక్టీస్. జనం తక్కువ, అందుకని ప్యాడాక్‌లోకి, అంటే టీంలు బళ్ళూ గుడారాలూ పెట్టుకునే చోటికి, వెళ్ళిపోయాం. ఎఫ్1 లాగా గేటు బయట నిలబడి దండం పెట్టటం కాదు, నడుచుకుంటూ వెళ్ళిపోవటమే. పిరెల్లి వాళ్ళు టైర్లు ఎక్కించే చోట పది నిమిషాలు నిలబడిపోయా. వాడేసిన వెనక టైరు ఒకటి అక్కడ పడుంది. దాని అంచు చూడాలి బాసూ, పెనం మీద మాడిన అట్టు అంచు ఉంటుంది చూడండి, చుట్టలు చుట్టుకుని పెళుసుగా, అలా ఉంది. మధ్యలో మాత్రం కొత్తదానిలాగే ఉంది. ఆ ఒక్క టైరు చూస్తే చాలు, వీళ్ళు బండిని ఎంతసేపు పడుకోబెట్టి ఉంచుతారో అర్థమయిపోద్ది.

ఇక అసలు విషయం. రేసు ఎక్కణ్ణుంచి చూడాలి అని నేను తెగ ఆలోచించి మెల్‌బోర్న్ హెయిర్‌పిన్ అనుకున్నా, బ్రేకింగ్ అక్కడే కదా, తోప్రాక్ అంటేనే బ్రేకింగ్. కానీ శనివారం పొద్దున సూపర్‌పోల్ (రేసులో ఎవరెక్కణ్ణుంచి మొదలెట్టాలో తేల్చే క్వాలిఫయింగ్) టైముకి అక్కడ నిండిపోయింది, చోటు లేక నడుచుకుంటూ నడుచుకుంటూ క్రేనర్ కర్వ్స్ దగ్గర ఆగాం. ఎంత అదృష్టం అంటే!! పదేళ్ళ నుంచి టీవీలో ఆ మలుపులు చూస్తున్నా, అదొక మామూలు ఎడమ మలుపు అనుకున్నా. అది మలుపు కాదు, బావిలోకి దిగుడు. రెడ్‌గేట్ పైన ఉంటుంది, అక్కణ్ణుంచి కుడికి తిరిగి వాళ్ళు గట్టు అంచు మీద కనపడతారు, మరుక్షణం మన కాళ్ళ కిందకి జారిపోతున్నట్టు ఎడమకి వాలిపోతారు, కిందకి దిగుతూనే మళ్ళీ కుడికి తిప్పి ఓల్డ్ హెయిర్‌పిన్. ఇదంతా దాదాపు ఫుల్ గ్యాస్ మీద. టీవీ కెమెరా ఆ దిగుడు మొత్తాన్ని చదును చేసేస్తుంది. మా ఆవిడ మొదటిసారి బళ్ళు దిగటం చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, "వీళ్ళకి అమ్మానాన్నలు లేరా" అంది.

ఫలితాలు మీకు తెలిసే ఉంటాయి. తోప్రాక్ మూడుకి మూడూ కొట్టాడు, 62 పాయింట్లు, ఛాంపియన్‌షిప్ లెక్కలో డుకాటీ నడిపే బులేగాని దాటి పైకెళ్ళాడు. రాత్రి బాగా పొద్దుపోయింది, మిగతాది రేపు.

---

కరీంనగర్_క్లచ్ | 14 జూలై 2025

అన్నా మస్తు రాసినవ్. నేను మోటోజీపీ జూస్త గని ఇది ఎన్నడు సూడలే. ఒక్క వీకెండ్ల మూడు రేసులేందన్నా? 62 పాయింట్లు ఎట్లొస్తయ్? గెలిస్తె 25 గద?

---

నెల్లూరు_నట్టు | 14 జూలై 2025

@కరీంనగర్_క్లచ్ నే చెప్తా తమ్ముడూ. శనివారం పొద్దున సూపర్‌పోల్ అని క్వాలిఫయింగ్, మధ్యాహ్నం రేస్ 1, పూర్తి దూరం, గెలిస్తే 25. ఆదివారం పొద్దున సూపర్‌పోల్ రేస్ అని పొట్టి రేసు, 10 ల్యాపులే, గెలిస్తే 12. దాంట్లో మొదటి తొమ్మిది మంది ఎవురో వాళ్ళే సాయంత్రం రేస్ 2 కి గ్రిడ్‌లో మొదటి తొమ్మిది చోట్లు. రేస్ 2 మళ్ళా పూర్తి దూరం, 25. మొత్తం 62. 2019 నుంచి ఇట్టా పెట్టారు.

ఆ పది ల్యాపుల రేసే అసలు మజా అబ్బాయా. టైరు కాపాడుకోవాలి అనే మాటే లేదు, లైట్లు ఆరిన దగ్గర్నించి పిచ్చి కొట్టుడు. పడ్డావా, 12 పాయింట్లు పోయింది కాక సాయంత్రం వెనకనించి మొదలెట్టుకోవాల.

---

ఆర్ఎక్స్100_మావ | 15 జూలై 2025

బుల్లెట్, బాగుంది కానీ ఒక మాట అడుగుతా ఏమనుకోకు. ఒక్కడే మూడూ గెలిచేస్తే దాంట్లో చూసేదేముంది? 2022లో అదే డోనింగ్టన్‌లో మూడూ వాడే, 2024లో మూడూ వాడే, ఇప్పుడు మళ్ళీ మూడూ వాడే. టికెట్ డబ్బులిచ్చి తెలిసిన సినిమాకి వెళ్ళినట్టు. మా రోజుల్లో ఫోగార్టీ ఉండేవాడు, 94, 95, 98, 99 నాలుగు సార్లు ఛాంపియన్, వాడి కళ్ళు చూస్తేనే పక్కోడు గేరు మిస్సయ్యేవాడు. కానీ ఎప్పుడూ ఎవడో ఒకడు వాడితో గొడవపడేవాడు. ఇప్పుడు చూస్తే మొదటోడు ఎక్కడో, రెండోవాడు ఎక్కడో.

---

వైజాగ్_వీలీ | 15 జూలై 2025

మావా నువ్వు సెప్పినదాంట్లో నాయం ఉంది గానీ, 2015 నుంచి 2020 దాకా రియా ఒక్కడే ఆరు సార్లు ఛాంపియన్ అయ్యాడు కదేటి, అప్పుడేటి సేసావు? కవాసాకీ పచ్చ చొక్కా ఏసుకుని తిరిగావు. తోప్రాక్ 2021లో యమహా మీద ఆడిని ఆపాడు, తర్వాత రెండేళ్ళు బౌటిస్టా డుకాటీ మీద, తర్వాత తోప్రాక్ బీఎండబ్ల్యూకి పోతే "అయిపోయాడు ఈడు" అన్నోళ్ళే అందరూ. ఎందుకంటే అప్పటిదాకా ఆ బండి మీద ఎవుడూ ఛాంపియన్ అవ్వలేదు. ఈడు ఎక్కిన మొదటి సంవచ్చరమే వరసగా 13 రేసులు కొట్టీసి టైటిల్ అట్టుకుపోయాడు. గెలవటం ఒకటే సూస్తే బోరు. ఎలా గెలిచాడో సూడాల.

---

బెజవాడ_బుల్లెట్ (డెర్బీ) | 15 జూలై 2025

@ఆర్ఎక్స్100_మావ మావా నేను కూడా ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఉంటే ఈ మాటే అనేవాణ్ణి, నిజం. రేస్ 1 లో సగం అయ్యేసరికి గెలిచేది ఎవరో తెలిసిపోయింది. కానీ గట్టు మీద కూర్చున్నోడికి ల్యాపు ల్యాపుకీ బళ్ళన్నీ ముందు నుంచే వెళ్తాయి కదా, ఒకటిన్నర నిమిషం లోపే మళ్ళీ వచ్చేస్తాయి, మొదటోడిని వదిలేసి ఏడో చోటు, ఎనిమిదో చోటు దగ్గర కొట్టుకునేవాళ్ళని చూసుకోవచ్చు. టీవీ వాడు చూపించిందే చూడాల్సిన ఖర్మ లేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, డెబ్భై ఉంటాయి, మడత కుర్చీ, ఫ్లాస్కు, చేతిలో ప్రింట్ తీసుకొచ్చిన కాగితం, ప్రతి ల్యాపూ ఎవరెక్కడ ఉన్నారో పెన్సిల్‌తో రాసుకుంటున్నాడు. ఆయనకి మొదటోడితో పనే లేదు. లోస్ అన్నదమ్ములు (సామ్, అలెక్స్, కవలలు) ఎక్కడున్నారు అనేదే ఆయన లెక్క. వాళ్ళు లింకన్ కుర్రాళ్ళు, ఈయనదీ లింకనే. నాకు సగం సాండ్‌విచ్ ఇచ్చాడు. మా ఆవిడ తెచ్చిన పులిహోర ఆయనకి పెడితే ఎండుమిరపకాయ నమిలేశాడు, తర్వాత రెండు ల్యాపులు లెక్క రాయలేదు పాపం.

ఇంకోటి చెప్పటం మర్చిపోయా. శబ్దం. కళ్ళు మూసుకున్నా ఏ బండో చెప్పేయొచ్చు. బీఎండబ్ల్యూది సన్నటి కేక, చెవిలో సూది దిగినట్టు. యమహాది క్రాస్‌ప్లేన్ ఇంజిన్ కదా (సిలిండర్లు ఎగుడుదిగుడు లయలో పేలతాయి), జలుబు చేసినట్టు బొంగురు గొంతు. డుకాటీ వీ4 అయితే కడుపులో మోగుద్ది. టీవీలో అన్నీ ఒకటే గోల.

---

మానుకోట_మెకానిక్ | 15 జూలై 2025

క్రేనర్ కాడ ఎందుకు ఎక్కువ పడ్తరో తెలుసా ఎవలకన్నా? నేను చెప్త. ఆ ట్రాక్ మీద గట్టిగ లోడ్ పడే మలుపులు ఎక్కువ కుడి దిక్కే. గందుకని టైరు కుడి పక్క వేడిగ ఉంటది, ఎడమ పక్క చల్లగైతది. చల్లగున్న పక్క మీద బండిని వంచాల్సింది యాడ? అంత దిగుడుల, అంత స్పీడుల, క్రేనర్ల. బరువంత ముందుకొచ్చి ఉంటది, ముందు టైరు జారిందనుకో చేతికి తెలిసేలోపు నేల మీదుంటవ్. పొద్దుగాల సల్లగున్నప్పుడు ఇంకా డేంజర్. మొన్నటి అసొంటి ఎండల్ల జర నయం, కానీ ఎండ ఎక్కువైతే వెనక టైరు గ్రిప్పు పోతది, అది ఇంకో తలనొప్పి.

మా షెడ్డుకొచ్చే పోరగాండ్లకు ఇదే చెప్త. బండి దియ్యంగనే వంచకుర్రి, టైరు వేడెక్కనియ్యిర్రి అని. ఇంటరా? మోకాలు రాకాలె, ఫోటో రావాలె.

---

కరీంనగర్_క్లచ్ | 15 జూలై 2025

మెల్‌బోర్న్ హెయిర్‌పిన్ అంటున్నవ్ గదన్నా, ట్రాక్ ఇంగ్లాండ్ల ఉంటే మెల్‌బోర్న్ ఏంది 😅

---

సిడ్నీ_సుబ్బు | 15 జూలై 2025

హహ తమ్ముడూ, ఇక్కడికొచ్చిన కొత్తలో నాకూ అదే డౌటు. డోనింగ్టన్ పక్కన మెల్‌బోర్న్ అని చిన్న ఊరు ఉంది. అసలు మెల్‌బోర్న్ అదే. ఆ ఊరి పేరు బిరుదుగా ఉన్న లార్డ్ మెల్‌బోర్న్ బ్రిటన్‌కి ప్రధానిగా ఉన్నప్పుడు ఆయన పేరు మా ఆస్ట్రేలియా సిటీకి పెట్టారు. కాబట్టి మా మెల్‌బోర్నే డూప్లికేట్.

నేను ఫిబ్రవరిలో ఫిలిప్ ఐలాండ్ వెళ్ళా, సీజన్ మొదటి రౌండ్. అక్కడ బులేగా మూడుకి మూడు కొట్టాడు. తోప్రాక్ మొహం మాడిపోయి ఉంది. సముద్రం ఒడ్డునే ట్రాకు, గాలికి టోపీ ఎగిరిపోయింది, సీగల్ పక్షులు ట్రాక్ మీదే వాకింగ్ చేస్తుంటాయి. అక్కడ సమస్య టైరే, పొడుగు మలుపులు, వెనక టైరు బొబ్బలెక్కిపోతుంది. అప్పుడు చూసినోడికి జూలైలో తోప్రాక్ పైనుంటాడంటే నమ్మేవాడు కాదు. కాబట్టి మావా, సీజన్ మొత్తం చూస్తే బోరేం కాదు. ఒక్కోచోట ఒక్కడు మూడూ ఊడ్చేస్తున్నాడు, అంతే తేడా.

---

ఓరుగల్లు_ఓవర్‌టేక్ | 16 జూలై 2025

అందరు తోప్రాక్ తోప్రాక్ అంటున్రు, ఆయన ఇంటి పేరు ఒక్కలన్న సక్కగ రాయిర్రి సూద్దం. టర్కీ భాషల తోప్రాక్ అంటే మట్టి అట. పేరుకే మట్టి, మట్టిల పడేది మాత్రం బులేగా ఫ్యాన్స్ 😂

మజాక్ పక్కన బెడితె, ఆయన నాయిన ఆరిఫ్ స్టంట్ రైడర్, ఒంటి చక్రం ఆరిఫ్ అని పిలిచెటోళ్ళట టర్కీల. చిన్నప్పటి సంది నాయిన పక్కపొంటి బండి మీదనే పెరిగిండు. 2017ల ఆ నాయిన బైక్ యాక్సిడెంట్ల సచ్చిపోయిండు. గెలిచినంక స్టాపీ కొట్టి వెనక చక్రం లేపి గాల్లో నిలబెడ్తడు సూడుర్రి, జనం షో అనుకుంటరు. నాకైతే అది సూసినప్పుడల్లా వాళ్ళ నాయిన యాదికొస్తడు.

---

ఆర్ఎక్స్100_మావ | 16 జూలై 2025

ఆ స్టాపీల గురించే నేను మొత్తుకునేది. మా మేనల్లుడు ఆ వీడియోలు చూసి బైపాస్ మీద ట్రై చేశాడు. ముందు పళ్ళు రెండు, మణికట్టు, మా అక్క గొలుసు (తాకట్టు). వాడు ట్రాక్ మీద చేస్తాడు, వంద మంది మార్షల్స్, అంబులెన్స్, హెలికాప్టర్ ఉంటాయి. మనకి గేదె ఉంటుంది.

---

మానుకోట_మెకానిక్ | 16 జూలై 2025

గేదె 😂😂 నిజమే మావ.

---

బెజవాడ_బుల్లెట్ (డెర్బీ) | 16 జూలై 2025

మార్షల్స్ అంటే గుర్తొచ్చింది. నారింజ రంగు ఓవరాల్స్‌లో ఉంటారు, దాదాపు అందరూ వాలంటీర్లేనంట, జీతం లేదు. శనివారం ఒక చిన్న క్లాసు రేసులో క్రేనర్ కింద ఒకడు జారి గ్రావెల్‌లోకి (ట్రాక్ పక్కన పోసిన గులకరాళ్ళు) పోయాడు. నేను లెక్కపెట్టా, బండి ఆగేలోపే నలుగురు పరిగెత్తారు. ఇద్దరు మనిషి దగ్గరికి, ఇద్దరు బండి దగ్గరికి, ఒకామె అయితే యాభై దాటి ఉంటాయి, గ్రావెల్‌లో షూ కూరుకుపోతున్నా ఆ బండిని లేపి తోసింది. రైడర్ లేచి నిలబడగానే గట్టు మీద జనమంతా చప్పట్లు. ఎవరో పేరు కూడా తెలీదు, అయినా చప్పట్లు.

ఇక మా ఆవిడ సంగతి. మహిళల ఛాంపియన్‌షిప్ ఉంది కదా, డబ్ల్యూసీఆర్, 2024లో మొదలుపెట్టారు, అందరికీ ఒకే బండి, యమహా ఆర్7. ఆ రేసు ఉందని చెప్తేనే తను "అయితే వస్తా" అంది. నేనేమో దాన్ని మధ్యలో కాఫీ బ్రేక్ అనుకున్నా. తప్పు. వీకెండ్ మొత్తంలో బెస్ట్ రేసు అదే, ఎందుకంటే బళ్ళు ఒకటే, పవర్ తక్కువ, ఎవరూ పారిపోలేరు, గుంపుగా క్రేనర్‌లోకి దిగుతారు, మోచేతులు మోచేతులు రాసుకుంటూ. తను లేచి నిలబడి అరిచింది. పెళ్ళయి ఆరేళ్ళు, నా మీద తప్ప ఎవరి మీదా అలా అరవటం చూడలేదు.

సాయంత్రం ప్యాడాక్‌లో ఆ రైడర్లు మామూలుగా నడుస్తున్నారు, చిన్న గుడారాలు, టీం అంటే నాన్న, ఒక మెకానిక్కు. ఒకమ్మాయి లెదర్ సూట్ నడుం దాకా విప్పి బకెట్ మీద కూర్చుని నూడుల్స్ తింటోంది. మా ఆవిడ వెళ్ళి మాట్లాడింది, నేను దూరంగా నిలబడ్డా.

నష్టాలు కూడా రాయాలి కదా: తిండి రేట్లు దారుణం, ఒక బర్గర్ డబ్బులతో బెజవాడలో ఇంటిల్లిపాదీ బిర్యానీ తినొచ్చు. ఆదివారం పార్కింగ్ నుంచి బయటపడటానికి గంటన్నర, ఎండిపోయిన పొలం, దుమ్ము, ఏసీ వేస్తే కారు వేడెక్కిపోతోంది. నెత్తి మీద మాటిమాటికీ విమానం, ఈస్ట్ మిడ్‌ల్యాండ్స్ ఎయిర్‌పోర్ట్ పక్కనే కాబట్టి. అనౌన్సర్ ముఖ్యమైన మాట చెప్పేటప్పుడే సరిగ్గా ఒకటి దిగుద్ది.

---

వైజాగ్_వీలీ | 16 జూలై 2025

నీకు పక్కనే ట్రాకు ఉంది బావ, అనుభవించు. మాకేటుంది. 2013లో నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌కి సూపర్‌బైక్ రౌండ్ వస్తాదని క్యాలెండర్‌లో ఏసీసారు. మార్చి అన్నారు, కాదు నవంబర్ అన్నారు, ఆఖరికి లేదన్నారు. నేను సెలవు రాయించీసుకున్నాను, మా మేనేజర్ ఇప్పటికీ ఎక్కిరిస్తాడు. 2023లో మోటోజీపీ వచ్చింది, ఎల్లాను, ఎండ దెబ్బకి రేసు 24 ల్యాపుల్నించి 21కి కోసీసారు, బెజెక్కి గెలిచాడు, మరి మళ్ళీ రాలేదు. మనకి ఏదొచ్చినా ఒకసారే.

---

ఓరుగల్లు_ఓవర్‌టేక్ | 16 జూలై 2025

హైదరాబాద్ల ఫార్ములా ఈ (కరెంటు కార్ల రేసు) గంతే గద. 2023 ఫిబ్రవరిల హుస్సేన్ సాగర్ కాడ ఒక్కసారి పెట్టిన్రు, మల్ల కథ ఖతం. అది సుత చప్పుడు లేని కార్లు, మా దోస్తు "అన్నా రేసు షురువైందా" అని అడిగిండు మూడో ల్యాపుల.

---

నెల్లూరు_నట్టు | 16 జూలై 2025

ఏడవొద్దు, మదరాసుకి రండి. శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, నేషనల్ ఛాంపియన్‌షిప్ రౌండ్లు అక్కడే ఎక్కువ. నేను పొద్దున్నే నెల్లూర్లో దోశ తిని బయల్దేరి, సూళ్ళూరుపేట, తడ దాటి పోతా. 3.7 కిలోమీటర్ల ట్రాకు. ఏం పెద్ద స్టాండ్లు, స్క్రీన్లు ఉండవు, కానీ బండి మనకి ఎంత దగ్గరగా పోద్దంటే చొక్కా ఊగుద్ది. ఇంటర్ చదివే పిల్లోళ్ళు 160 సీసీ, 300 సీసీ బండ్ల మీద ఏం కొట్టుకుంటారబ్బా. బుల్లెట్ ఆర్7 రేసు గురించి చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. చిన్న బండ్లే అసలు రేసు.

---

కరీంనగర్_క్లచ్ | 17 జూలై 2025

ఇంకో డౌట్. ఇది మోటోజీపీకి బి టీం అంటరు గద, నిజమేనా? మనం షోరూంల కొనే బండే ఉరికిస్తరా?

---

మానుకోట_మెకానిక్ | 17 జూలై 2025

బి టీం అంటె నాకు మండుతది. మోటోజీపీ బండి రేసు కోసమే పుట్టింది, బయట దొరకదు. ఇది షోరూం బండి నుంచి తయారైతది. కంపెనీ ఆ బండిని జనానికి అమ్మటానికి వందల లెక్కల తయారు చేయాలె, గట్లైతెనే రేసుకు పర్మిషన్. ఫ్రేము, ఇంజిన్ కేసింగు, పైన బాడీ ఆకారం అన్ని దాన్నే పోలాలె. సస్పెన్షన్, బ్రేకులు, ఎలక్ట్రానిక్స్ మార్చుకుంటరు. మోటోజీపీల కార్బన్ బ్రేకులు, ఇక్కడ స్టీలు డిస్కులే, మన బండ్లకు ఉండేటియే, కాకపోతె పెద్దయి. మోటోజీపీ లెక్క బండిని కిందికి దింపే రైడ్ హైట్ పరికరాలు ఇక్కడ బంద్. 2025 సంది ఇంజిన్‌లకు పెట్రోల్ పోయే లెక్క మీద కంట్రోల్ పెట్టిన్రు, మొదలు గంటకు 47 కిలోలు దాటొద్దన్నరు.

స్టీలు డిస్కుల మీద తోప్రాక్ అంత లేటుగ బ్రేకు కొడ్తున్నడంటె ఆలోచించు. ఒక మెకానిక్‌గ చెప్తున్న, బండి కన్న ఆ రెండు వేళ్ళే ఎక్కువ.

---

ఆర్ఎక్స్100_మావ | 17 జూలై 2025

షోరూం బండి షోరూం బండి అంటారు. ఆ బీఎండబ్ల్యూ ఎం1000ఆర్ఆర్ ఇక్కడ అరకోటి దాకా ఉంది. దానికి నేను ఎకరం అమ్మాలి, అమ్మినా సర్వీసింగుకి ఇంకో అరెకరం. హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద టూవీలర్ ఎక్కనివ్వరు కూడా. మళ్ళీ గేదెల మధ్యకే.

---

బెజవాడ_బుల్లెట్ (డెర్బీ) | 26 ఆగస్టు 2025

పాత థ్రెడ్ లేపుతున్నందుకు సారీ. నిన్న వార్త చూశారా, జోనాథన్ రియా రిటైర్ అవుతున్నాడు. ఈ సీజన్ అయ్యాక ఇక లేడు. ఆరు టైటిళ్ళు, 119 రేసులు.

నాకు ఒక విషయం రెండు రోజుల నుంచి, అబద్ధం ఎందుకు, నిన్నటి నుంచి, గుండెలో గుచ్చుకుంటోంది. శుక్రవారం ప్యాడాక్‌లో యమహా గుడారం దగ్గర (కవాసాకీ వదిలి యమహాకి మారాడు కదా) రియా ఆటోగ్రాఫ్‌లకి లైన్ ఉంది. పెద్ద లైన్. మా ఆవిడ "నిలబడదామా" అంది. నేను "ఈయన ఈ మధ్య గెలవట్లేదులే, రేపు చూద్దాం, ముందు తోప్రాక్‌ని వెతుకుదాం" అన్నా. రేపూ చూడలేదు, ఎల్లుండీ చూడలేదు. సీజన్ మొదట్లో కాలికి దెబ్బ తగిలి కొన్ని రౌండ్లు పోయినా తిరిగొచ్చి తన సొంత జనం ముందు చివరిసారి నడుపుతున్నాడు, ఆ గట్టు మీద ఉన్న వేల మందిలో ఎవరికీ తెలీదు. తోప్రాక్‌ది చివరి డోనింగ్టన్ అని బ్యానర్లు కట్టారు. ఈయనది చివరిదని ఒక్కడూ కట్టలేదు. 65 నంబర్ (రియా నంబర్) టోపీల వాళ్ళు మాత్రం ప్రతి ల్యాపూ చెయ్యి ఊపుతూనే ఉన్నారు, అది చూశా.

---

ఆర్ఎక్స్100_మావ | 26 ఆగస్టు 2025

పచ్చ చొక్కా ఇవాళ బీరువాలోంచి తీశాను. పొట్ట దగ్గర పట్టట్లేదు.

---

సిడ్నీ_సుబ్బు | 27 ఆగస్టు 2025

ఫిలిప్ ఐలాండ్‌లో నాకూ దొరకలేదు, అదే కాలి దెబ్బ వల్ల రాలేదు. ఇక లేదు.

---

నెల్లూరు_నట్టు | 20 అక్టోబర్ 2025

హెరెజ్ (స్పెయిన్, సీజన్ ఆఖరి రౌండ్) చూశారా!!! ఆదివారం పొద్దున సూపర్‌పోల్ రేసులో బులేగా లోపలికి దూరి తగిలాడు, తోప్రాక్ కింద పడ్డాడు, బులేగాకి రెండు లాంగ్ ల్యాపులు పెనాల్టీ (రెండుసార్లు పొడుగు దారిలో తిరిగి రావాల) వేశారు, అయినా గెలిచాడు! నేను రిమోట్ విసిరేశా. సాయంత్రం రేస్ 2 లో తోప్రాక్ బుద్ధిగా మూడోవాడిగా వచ్చి టైటిల్ పట్టుకుపోయాడు. మూడో టైటిల్. 13 పాయింట్ల తేడా. మావా, బోరన్నావే?

---

ఆర్ఎక్స్100_మావ | 20 అక్టోబర్ 2025

పొద్దున బీపీ మాత్ర వేసుకోవటం మర్చిపోయా, రేసు చూశాక రెండు వేసుకున్నా. బోరు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, కానీ బులేగాది తప్పే, రాసి పెట్టుకో.

---

ఓరుగల్లు_ఓవర్‌టేక్ | 20 అక్టోబర్ 2025

రేసింగ్ ఇన్సిడెంట్ మావ. సందు దొరికితె దూరకపోతె రేసర్ ఎట్లైతడు.

---

మానుకోట_మెకానిక్ | 20 అక్టోబర్ 2025

సందు యాడుంది అక్కడ? నీ కండ్లకు గ్రీజు పూసుకున్నవా? ఇది ఇంకో థ్రెడ్ తీయిర్రి, దీంట్ల వద్దు.

@బెజవాడ_బుల్లెట్ అన్నా, రాత్రి నిద్ర పట్టక నువ్వు జూలైల పెట్టిన ఫోటోలు మల్ల చూస్తున్న. మీ ఇంటామె ఆ పోరితోని మాట్లాడుతున్న ఫోటో ఉంది గద, నూడుల్స్ పోరి. ఆమె బుజం ఎనక, కుడి దిక్కు, జూమ్ చెయ్. నీలం స్కూటర్ మీద ఒగాయన పోతున్నడు. మొఖం మసకగ ఉంది గని టోపీ మీద నంబర్ సూడు.

---

బెజవాడ_బుల్లెట్ (డెర్బీ) | 20 అక్టోబర్ 2025

65.

ఆగు ఆగు ఆగు. ఒరిజినల్ ఫోటో మా ఆవిడ ఫోన్‌లో ఉంది, తను పడుకుంది. ఆ టోపీలు బయట షాపులో కూడా అమ్ముతున్నారు, ఫ్యాన్ ఎవడైనా అవ్వచ్చు... కానీ ఫ్యాన్స్‌కి స్కూటర్ ఎవరిస్తారు ప్యాడాక్‌లో?

---

మానుకోట_మెకానిక్ | 20 అక్టోబర్ 2025

గదే నేననేది. లేపు ఆమెను.

---

బెజవాడ_బుల్లెట్ (డెర్బీ) | 21 అక్టోబర్ 2025

లేపాను. ఫోటో ఇవ్వలేదు, దిండు విసిరింది. పొద్దున పెడతా.